గొట్టం చుట్టూ ఎర్రబడితే మళ్లీ హీమోడయాలిసిస్‌కు మారాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 58 ఏళ్లు. కొబ్బరి, జీడి తోటలు చూసుకునేవారు. కిడ్నీలు పాడయ్యాక రెండేళ్లు హీమోడయాలిసిస్ (యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) చేయించుకున్నారు. వారానికి మూడుసార్లు ప్రయాణం తట్టుకోలేక ఏడు నెలల క్రితం పొట్టలో గొట్టం వేయించుకుని ఇంట్లోనే, పొట్టలోకి ద్రవం ఎక్కించి దించే పెరిటోనియల్ డయాలిసిస్‌కు మారారు. రోజుకు నాలుగుసార్లు ద్రవం మారుస్తాం. పగలు ఆయనే చేసుకుంటారు, రాత్రి నేను చేస్తాను. గత నెల బండి దిగుతుంటే గొట్టం తగులుకుని లాగినట్లయింది. అప్పటి నుంచి అది బయటికి వచ్చే చోట చుట్టూ ఎర్రగా ఉంది, పక్కు కడుతోంది. చీము లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాయమన్నారు, రాస్తున్నాం. మా బాబాయి మాత్రం పొట్టలో గొట్టం ఉన్నాక ఇన్ఫెక్షన్ రాక తప్పదని, మళ్లీ హీమోడయాలిసిస్‌కే వెళ్లిపొమ్మని పట్టుబడుతున్నారు. కార్తికంలో బారువలో సముద్రస్నానం చేయాలని నాన్నగారి కోరిక. గొట్టం వేసిన ఆస్పత్రి విశాఖపట్నంలో ఉంది, వెళ్లడానికి సగం రోజు పడుతుంది. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే బయల్దేరాలో, ఇంట్లో ఏ జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పగలరు.

సమాధానం: మీ బాబాయిగారు చెప్పినట్లు డయాలిసిస్ పద్ధతి మార్చాల్సిన అవసరం మీరు రాసిన వివరాల్లో నాకు కనిపించలేదు. అయితే ఆ ఎర్రదనాన్ని ఇంటి దగ్గరే ఉంచుకుని ఎదురుచూడటం కూడా సరికాదు. గొట్టం లాగినప్పుడు మొదలైన ఎర్రదనం నెల గడిచినా తగ్గలేదంటే దాన్ని మీ ఆస్పత్రిలోని పీడీ (పెరిటోనియల్ డయాలిసిస్) నర్సు గానీ, డాక్టరు గానీ కళ్లతో చూసి, వేళ్లతో నొక్కి పరీక్షించాలి. ఈ రోజే పగటి వెలుతురులో ఆ చోటును దగ్గరగా రెండు మూడు ఫొటోలు తీసి ఆస్పత్రి ఫోనుకు పంపండి, వచ్చే నెల చెకప్ దాకా ఆగకుండా ఈ వారంలోనే వెళ్లి చూపించండి. పసుపు, కొబ్బరినూనె ఈ రోజు నుంచే ఆపేయండి.

పసుపు మీద మనకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు. చేతికి తగిలిన చిన్న గాటు సంగతి వేరు, శరీరం లోపలికి నేరుగా వెళ్లే దారి సంగతి వేరు. ఇంట్లో పసుపు డబ్బాలో ఉన్న పొడి సూక్ష్మక్రిములు లేని పదార్థం కాదు. అది గొట్టానికీ చర్మానికీ మధ్య ఉన్న సన్నని సందులోకి దిగి పేరుకుంటుంది, నూనె ఆ చోటును ఎప్పుడూ చెమ్మగా ఉంచుతుంది. వీటికి మించిన నష్టం ఇంకొకటి ఉంది. పసుపు రంగు కింద అసలు ఎరుపు ఎంత ఉందో, ఊరుతున్నది నీరో చీమో ఎవరికీ తెలియకుండా పోతుంది. పుండ్లపై చల్లే యాంటీబయాటిక్ పొడులు, స్పిరిట్, డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అక్కడ వాడకూడదు. చివరి మూడూ క్రిములతో పాటు గాయాన్ని మాన్పే లేత కణాలను కూడా దెబ్బతీస్తాయి.

గొట్టం లాగడం ఎందుకంత ముఖ్యమైన విషయమో తెలియాలంటే అది లోపల ఎలా నిలబడి ఉందో తెలియాలి. 1968లో హెన్రీ టెంకాఫ్ అనే వైద్యుడు రూపొందించిన గొట్టం నమూనానే చిన్న చిన్న మార్పులతో నేటికీ వాడుతున్నారు. మెత్తని సిలికాన్ గొట్టం మీద సాధారణంగా రెండు చోట్ల ఉన్నిలాంటి పట్టీలు ఉంటాయి, వీటినే కఫ్‌లు అంటారు. ఒకటి పొట్ట కండరం దగ్గర, మరొకటి చర్మం కింద, గొట్టం బయటికి వచ్చే చోటుకు కొన్ని సెంటీమీటర్ల లోపల ఉంటుంది. శరీర కణజాలం ఈ పట్టీల్లోకి పెరిగి అల్లుకుపోవడం వల్లనే గొట్టం కదలకుండా నిలుస్తుంది, బయటి క్రిములకు లోపలికి దారి మూసుకుపోతుంది. గొట్టం ఒక్కసారి గట్టిగా లాగితే ఆ అల్లిక కొంత తెగుతుంది, రంధ్రం అంచున చర్మం చిట్లుతుంది. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే స్టెఫైలోకాకస్ జాతి బాక్టీరియాకు ఆ చిట్లిన అంచు చాలు. అందువల్ల గొట్టం లాగినా, ఆ చోటు నుంచి కొద్దిగా రక్తం వచ్చినా, ఆ రోజే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పడం అలవాటు చేసుకోండి. కొన్ని సందర్భాల్లో ఎర్రబడక ముందే డాక్టర్లు కొద్ది రోజుల మందు ఇస్తారు.

ఇప్పుడున్న ఎరుపు ఇన్ఫెక్షన్ కావచ్చు, కాకపోవచ్చు. రంధ్రం అంచున సన్నని గులాబీ రంగు చాలామందికి మామూలుగానే ఉంటుంది. పక్కు కట్టడం ఒక్కటే ఉంటే అది కూడా ప్రమాదం కాదు. కానీ చీము కనిపిస్తే మాత్రం చుట్టూ ఎరుపు ఉన్నా లేకున్నా అది ఇన్ఫెక్షనే. ఎరుపు రోజురోజుకూ వెడల్పవుతున్నా, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉన్నా, రంధ్రం అంచున తడితడిగా ఎర్రని కండ పెరుగుతున్నా, చర్మం కింద గొట్టం వెళ్లిన దారి పొడవునా వాపు గానీ, నొక్కితే నొప్పి గానీ ఉన్నా ఆలస్యం చేయకండి. ఈ చివరి లక్షణం ఇన్ఫెక్షన్ గొట్టం వెంట లోపలికి పాకుతోందని చెబుతుంది, దాని సంగతి తేల్చడానికి స్కానింగ్ అవసరం కావచ్చు. ఊళ్లో ఎవరైనా యాంటీబయాటిక్ మాత్రలు ఇస్తే వేసుకోకండి. ఊరుతున్నది ఏదైనా ఉంటే ముందు దాన్ని దూదిపుల్లతో తీసి కల్చర్ పరీక్షకు పంపాలి, మందు ఆ తరువాత మొదలు కావాలి. మందు ముందే పడితే ఏ క్రిమి వచ్చిందో పరీక్షలో తేలదు, తేలకపోతే సరైన మందు దొరకడం కష్టమవుతుంది. డాక్టరు రాసిన మందును ఎరుపు తగ్గిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వాడించండి.

రోజువారీ శుభ్రత గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చిన్న చిన్న పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. గొట్టం వేసిన కొత్తలో ఆ చోటును తడపకుండా, కట్టు తరచూ విప్పకుండా ఉంచాలి. మీ నాన్నగారికి ఆ దశ దాటిపోయింది. మానిన తరువాత వారానికి కనీసం రెండుసార్లు, స్నానం చేసిన ప్రతిసారీ, బాగా చెమట పట్టిన ప్రతిసారీ శుభ్రం చేయాలని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలిసిస్ సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉద్దానం ఉక్కపోతలో, తోట దుమ్ములో ఉండే మనిషికి ఇది రోజూ చేయాల్సిన పనే అవుతుంది. ముందు మీ చేతులు కడుక్కోండి. చర్మాన్ని సెలైన్‌తో గానీ, మీ ఆస్పత్రి ఇచ్చిన యాంటీసెప్టిక్ ద్రావణంతో గానీ తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో రంధ్రం దగ్గర మొదలుపెట్టి బయటికి గుండ్రంగా తుడవండి, తుడిచిన గుడ్డను మళ్లీ లోపలి వైపుకు తేకండి. పక్కును గోటితో పీకకండి. సెలైన్‌తో నానబెడితే దానంతట అదే ఊడితే ఊడుతుంది, లేకపోతే ఉండనివ్వండి. పీకిన ప్రతిసారీ కొత్త గాయం అవుతుంది.

తుడిచాక చర్మాన్ని పూర్తిగా ఆరనిచ్చి, డాక్టరు రాసి ఇచ్చిన యాంటీబయాటిక్ క్రీమును పెసరగింజంత రాయండి. ముపిరోసిన్ గానీ జెంటామైసిన్ గానీ రోజూ రాస్తే గొట్టం చోట ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని చాలా ఏళ్లుగా రుజువైంది. మీ ఉత్తరంలో దీని ప్రస్తావన లేదు కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా అడగండి. గొట్టం సిలికాన్‌దా, పాలీయురేథేన్‌దా అని కూడా కనుక్కోండి, ఎందుకంటే కొన్ని రకాల ఆయింట్‌మెంట్లు పాలీయురేథేన్ గొట్టాన్ని దెబ్బతీస్తాయి. తరువాత గాలి ఆడే పలుచని గాజుగుడ్డ వేసి, గొట్టాన్ని రంధ్రానికి కొంచెం దూరంలో టేపుతో చర్మానికి అంటించండి. ఎక్కడైనా తగులుకుంటే ఆ లాగుడు టేపు మీద పడాలి గానీ రంధ్రం మీద పడకూడదు. అలాగే నాన్నగారి మొలతాడు, లుంగీ ముడి, బెల్టు ఆ చోటు మీద ఆనుతున్నాయేమో కూర్చున్నప్పుడూ నిలబడినప్పుడూ గమనించండి. నడుముకు కట్టుకునే వాటి ఒరిపిడి వల్ల మానని ఎరుపును నేను శిక్షణ ఇచ్చిన ఇళ్లలో తరచుగా చూశాను, ఆస్పత్రి బల్ల మీద పడుకోబెట్టి చూసినప్పుడు ఆ కారణం కనిపించదు. మొలతాడు తీయడానికి ఆయన మనసు ఒప్పుకోకపోతే ఆస్పత్రిలో చెప్పి, గొట్టానికి తగలనంత పైకో కిందికో మార్చుకోమనండి.

ఇంతవరకు చెప్పింది క్రిములు లోపలికి వెళ్లే ఒక దారి సంగతి మాత్రమే. కుటుంబాలు తమ శ్రద్ధనంతా కట్టు మీదే పెట్టి, అంతకంటే పెద్ద దారిని మరిచిపోతుంటాయి. పొట్ట లోపలి పొరకు వచ్చే పెరిటోనైటిస్ అనే ఇన్ఫెక్షన్‌కు కారణమయ్యే క్రిమి ఎక్కువసార్లు గొట్టం చివరను ద్రవం సంచికి కలిపే కొద్ది క్షణాల్లో, చేతి వేళ్ల ద్వారా లోపలికి వెళ్తుంది. రోజుకు నాలుగుసార్లు అంటే ఏడాదికి దాదాపు 1,460 సార్లు ఆ మూత తెరుచుకుంటుంది. ప్రతిసారీ అదే శ్రద్ధ నిలబెట్టుకోవడమే ఈ చికిత్సలో కష్టమైన భాగం. మొదటి నెలలో ఎవరూ తప్పు చేయరు. చేయి తిరిగాక, ఆరో నెలలో, ఏడో నెలలో ఒక్కొక్క మెట్టూ జారిపోవడం మొదలవుతుంది.

సంచి కలిపే ముందు సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల చివర్లు, బొటనవేళ్లు వదలకుండా 40 నుంచి 60 సెకన్లు కడగాలి. బకెట్లో చెంబు ముంచుకుంటూ కడుక్కుంటే కడిగిన చేయి మళ్లీ ఆ చెంబునే పట్టుకుంటుంది కాబట్టి కుళాయి ఉన్న డ్రమ్మో, నీళ్లు పోసే మరో మనిషో ఉండాలి. భుజం మీది తువ్వాలుతో తుడుచుకోకూడదు, ఉతికి ఆరేసిన గుడ్డ గానీ, కాగితపు తువ్వాలు గానీ ప్రతిసారీ కొత్తది వాడాలి. చేతులు పూర్తిగా ఆరాక శానిటైజర్ రాసి అది కూడా ఆరనివ్వాలి. ఉంగరాలు, గాజులు, చేతి దారాలు తీసేయాలి. ఇద్దరూ మాస్కు వేసుకోండి, జలుబు ఉన్నవారు ఆ పని చేయకపోవడం మంచిది. ఫోన్‌ను వేరే గదిలో పెట్టండి, చేతులు కడుక్కున్నాక ఫోన్ ఎత్తినవారు మళ్లీ మొదటి నుంచి కడుక్కోవాలి. పిల్లల్ని, కుక్కపిల్లని, ముఖ్యంగా పిల్లిని గదిలోకి రానివ్వకండి. పిల్లులు గొట్టాన్ని కొరకడం వల్ల వచ్చిన పెరిటోనైటిస్ కేసులు వైద్య గ్రంథాల్లో నమోదై ఉన్నాయి.

ఫ్యాను విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసి ఫ్యాను ఆపి అరగంట కూర్చోమంటే ఎవరికైనా కష్టమే. చేతులు కడుక్కున్నప్పటి నుంచి సంచి కలపడం పూర్తయ్యేవరకు, మళ్లీ చివర్లో సంచి విడదీసి కొత్త మూత పెట్టేవరకు ఫ్యాను ఆగి ఉండాలి. మధ్యలో ద్రవం దిగుతున్నప్పుడు, ఎక్కుతున్నప్పుడు దారి మూసే ఉంటుంది కాబట్టి ఫ్యాను వేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఉక్కపోత భరించలేక అసలు ఫ్యాను ఆపడమే మానేసినవారు ఉన్నారు.

సంచి పైకవరు విప్పాక గడువు తేదీ, మందు శాతం, ద్రవం తేటగా ఉందా లేదా చూసి, గట్టిగా నొక్కి ఎక్కడైనా కారుతోందేమో పరీక్షించండి. సంచిని వేడినీళ్లలో ముంచి వెచ్చబెట్టకండి. ఆ నీటిలోని క్రిములు సంచి కొనల దగ్గర చేరతాయి. పొడిగా వెచ్చబెట్టే హీటింగ్ ప్యాడ్ వంటిది వాడాలి. కలిపిన తరువాత పొట్టలోని పాత ద్రవం బయటికి దిగడం, కొత్త ద్రవాన్ని కొన్ని క్షణాలు నేరుగా ఖాళీ సంచిలోకి వదిలి గొట్టాన్ని కడగడం, ఆ తరువాతే పొట్టలోకి ఎక్కించడం అనే వరుసను ఎప్పుడూ మార్చకండి. కలిపేటప్పుడు ఏదైనా క్రిమి చేరినా అది పొట్టలోకి కాకుండా బయటి సంచిలోకి కొట్టుకుపోయేలా చేసే ఏర్పాటు ఇది. అయోడిన్ ఉన్న చిన్న మూత ఒక్కసారికే పనికొస్తుంది. ఖర్చు తగ్గుతుందని దాన్ని కడిగి మళ్లీ వాడటం, స్పిరిట్‌లో నానబెట్టడం ఎంతమాత్రం చేయకండి.

గొట్టం కొన పొరపాటున చేతికో బట్టకో నేలకో తగిలితే, తగిలిందేమో అనే అనుమానం వచ్చినా సరే, అక్కడితో ఆగిపోండి. క్లాంపు బిగించి, కొత్త మూత పెట్టి, ద్రవం ఎక్కించకుండా ఆస్పత్రికి ఫోన్ చేయండి. తుడిచి కొనసాగించకూడదు. ట్రాన్స్‌ఫర్ సెట్ (గొట్టం చివర సంచికి కలిపే చిన్న పైపు) మార్చాల్సి రావచ్చు, అప్పటికే ద్రవం లోపలికి వెళ్లి ఉంటే ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు. నాన్నగారు పగలు ఒంటరిగా చేసుకుంటారు కాబట్టి ఈ మాట ఆయనకు మీరు ప్రత్యేకంగా చెప్పాలి. చేయి తగిలిందని చెబితే ఇంట్లో అందరూ కోప్పడతారేమోనని దాచుకునే పెద్దలు ఉంటారు. చెప్పినందుకు ఆయనను ఒక్క మాట కూడా అనకండి, చెప్పడం వల్లనే ఆ రోజు పెరిటోనైటిస్ తప్పిపోవచ్చు.

మూడో దారి పేగులు. మలబద్ధకం ఉన్నప్పుడు పేగుల్లోని బాక్టీరియా పేగు గోడ దాటి పొట్ట పొరను చేరే ప్రమాదం పెరుగుతుంది, రక్తంలో పొటాషియం బాగా తగ్గినప్పుడు పేగుల కదలిక మందగించి అదే జరుగుతుంది. మీ ప్రాంతానికి సంబంధించిన ఒక ముఖ్యమైన తేడా ఇక్కడ ఉంది. హీమోడయాలిసిస్‌లో ఉన్నప్పుడు పొటాషియం పెరుగుతుందని కొబ్బరినీళ్లు, అరటిపండు మానేయమని చెప్పి ఉంటారు, నాన్నగారు నేటికీ ఆ పథ్యమే పాటిస్తూ ఉండవచ్చు. పెరిటోనియల్ డయాలిసిస్‌లో పొటాషియం రోజూ ద్రవంతో పాటు బయటికి పోతుంది కాబట్టి కొందరికి అది పడిపోతుంది. అందుకని కొబ్బరినీళ్లు తాగించమని నేను చెప్పడం లేదు. చివరి రక్తపరీక్షలో పొటాషియం ఎంత ఉందో చూపించి, పాత పథ్యం కొనసాగించాలా సడలించాలా అని డాక్టరును అడగండి. రోజూ విరేచనం సాఫీగా అవుతోందా అని కనుక్కుంటూ ఉండండి, కాకపోతే మందు డాక్టరు చేతనే రాయించుకోండి. పెద్దపేగు పరీక్ష వంటివి చేయించాల్సి వస్తే నాన్నగారికి పీడీ గొట్టం ఉందని ముందే చెప్పాలి, పరీక్షకు ముందు పొట్టలోని ద్రవం దించి యాంటీబయాటిక్ ఇస్తారు. ఈ డయాలిసిస్‌లో రోజుకు కొన్ని గ్రాముల మాంసకృత్తులు కూడా ద్రవంతో పోతాయి, అవి తగ్గితే గాయం మానే శక్తీ క్రిములతో పోరాడే శక్తీ తగ్గుతాయి. గుడ్డు, చేప ఎంత పెట్టాలో అక్కడి పోషకాహార నిపుణులను అడిగి పెట్టండి.

స్నానం విషయానికి వస్తే, ఈ ఎర్రదనం తేలేవరకు ఆ చోటు తడవకుండా చూడండి. మానాక రోజూ చెంబుతో పోసుకునే స్నానం నిరభ్యంతరంగా చేయవచ్చు, స్నానం కాగానే తడి కట్టు తీసి కొత్తది వేయాలి. సముద్రంలో, చెరువులో, కాలువలో మునిగే స్నానం మాత్రం ఈ కార్తికంలో వద్దని నేను గట్టిగా చెబుతున్నాను. బారువ దగ్గర మహేంద్రతనయ నది సముద్రంలో కలుస్తుంది, పండుగ రోజుల్లో వేలమంది దిగిన నీరు అది, అలల తాకిడికి కట్టు నిలవదు. ఆయన కోరికను కొట్టిపారేయకుండా తీరానికి తీసుకువెళ్లండి. ఎవరైనా చెంబుతో తెచ్చిన నీటిని ఆయన తల మీద నాలుగు చుక్కలు చల్లుకుని, ఇంటికి వచ్చి శుభ్రమైన నీటితో స్నానం చేయవచ్చు. మన పెద్దలు జబ్బు మనిషికి ఈ వెసులుబాటు ఎప్పుడూ ఇచ్చారు.

మీ బాబాయిగారి మాట ఒక కాలంలో నిజమే. 1976లో అమెరికాలోని టెక్సస్‌లో పొపొవిచ్, మాంక్రీఫ్ ఈ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు ద్రవం గాజు సీసాల్లో వచ్చేది, ప్రతి సీసాకూ విడిగా గొట్టం కలపాల్సి వచ్చేది, పెరిటోనైటిస్ పదేపదే వచ్చేది. ప్లాస్టిక్ సంచులు రావడం, 1980ల్లో ఇటలీ వైద్యులు ముందు కడిగి తరువాత ఎక్కించే ఏర్పాటును తేవడంతో పరిస్థితి మారిపోయింది. నేను పైన వరుస మార్చవద్దని చెప్పింది దాని గురించే. ఇప్పుడు ఒక కేంద్రంలో పదిమంది రోగులుంటే ఏడాది మొత్తం మీద నాలుగు పెరిటోనైటిస్‌లకు మించకూడదని, ఏడాది పొడవునా ఒక్కసారి కూడా రానివారు 80 శాతానికి పైగా ఉండాలని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు లక్ష్యంగా పెట్టాయి. హీమోడయాలిసిస్‌కు మారితే ఇన్ఫెక్షన్ భయం పోతుందనుకోవడం కూడా పొరపాటు, మెడలో గొట్టంతో చేసే హీమోడయాలిసిస్‌లో క్రిములు నేరుగా రక్తంలోకే చేరగలవు. ఒకవేళ ఎప్పుడైనా మందులకు లొంగని ఇన్ఫెక్షన్ వచ్చి గొట్టం తీసేయాల్సి వస్తే, కొంతకాలం హీమోడయాలిసిస్ చేయించి, పూర్తిగా తగ్గాక చాలామందికి కొత్త గొట్టం వేస్తారు. ఆ నిర్ణయం డాక్టరు తీసుకోవాలి, భయం వల్ల తీసుకోకూడదు.

ఇక వెంటనే బయల్దేరాల్సిన లక్షణం. బయటికి దిగిన ద్రవం మసకగా ఉంటే అది పెరిటోనైటిస్ అనుకునే కదలాలి. దిగిన సంచిని దినపత్రిక మీద పెట్టి చూడండి, కింది అక్షరాలు స్పష్టంగా చదవగలిగితే ద్రవం తేటగా ఉన్నట్లు. ప్రతి సంచినీ పారబోసే ముందు ఇలా చూడటం మానకండి, రాత్రిపూట కరెంటు పోతే మంచి ఎమర్జెన్సీ లైటు కింద చూడండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత మీ ప్రాంతం ఎన్ని రోజులు చీకట్లో ఉందో మీకే తెలుసు, కాబట్టి ఆ లైటును, కొద్ది వారాల సంచులను, నేలకు తగలకుండా ఎత్తున పెట్టిన పెట్టెల్లో సిద్ధంగా ఉంచుకోవడం మీకు అదనపు జాగ్రత్త కాదు, అవసరం. కొందరికి ద్రవం మసకబారక ముందే కడుపునొప్పి మొదలవుతుంది, కొందరికి జ్వరం, వణుకు, వాంతులు వస్తాయి, మరికొందరికి నొప్పి ఏమీ లేకుండా సంచి ఒక్కటే మసకబారుతుంది. తెల్లని నారలాంటి పోగులు గానీ, కొవ్వు వల్ల వచ్చే పాల రంగు గానీ ఇన్ఫెక్షన్ లేకుండా కూడా కనిపించవచ్చు, కానీ ఆ తేడాను ఇంట్లో తేల్చుకునే ప్రయత్నం చేయకండి. ఆ ద్రవంలో తెల్ల కణాలు మైక్రోలీటరుకు 100కు పైగా ఉండి, వాటిలో సగానికి మించి న్యూట్రోఫిల్స్ అయితే పెరిటోనైటిస్ అని ప్రయోగశాల చెబుతుంది.

మసక సంచిని పారబోయకుండా క్లాంపు బిగించి, శుభ్రమైన కవరులో పెట్టి వెంట తీసుకువెళ్లండి. దాన్నుంచే పరీక్షకు నమూనా తీస్తారు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్రలు మింగించకండి. ఈ జబ్బుకు మందును సాధారణంగా సంచిలోనే కలిపి పొట్టలోకి ఎక్కిస్తారు, చికిత్స రెండు మూడు వారాలు సాగుతుంది. మొదటి మోతాదు ఎంత త్వరగా పడితే గొట్టం నిలబడే అవకాశం అంత ఎక్కువ, అందువల్ల తెల్లవారాక చూద్దాం, ఆదివారం కదా సోమవారం వెళదాం అనుకోవద్దు.

మీకు దూరం పెద్ద సమస్య కాబట్టి దీన్ని జబ్బు రాకముందే పరిష్కరించుకోవాలి. ఈ వారం విశాఖ వెళ్లినప్పుడు మీ నెఫ్రాలజిస్టును (కిడ్నీ డాక్టరును) సూటిగా అడగండి: రాత్రి వేళ సంచి మసకబారితే, దగ్గరలోని ఆస్పత్రిలో నమూనా తీయించి మొదటి మోతాదు వేయించుకుని, ఆ తరువాత మీ దగ్గరికి రావచ్చా? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రోగుల కోసం ప్రారంభమైన ఆస్పత్రి మీకు విశాఖ కంటే చాలా దగ్గర, అక్కడ పీడీ ద్రవం పరీక్ష, సంచిలో మందు కలిపే ఏర్పాటు ఉన్నాయేమో ముందే వెళ్లి మాట్లాడి ఉంచండి. వారు ఒప్పుకుంటే మీ డాక్టరు చేత మందుల పేర్లు, మోతాదులు, గొట్టం వివరాలు ఆస్పత్రి కాగితం మీద రాయించి సంతకం చేయించుకోండి. కొత్త ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి వెంటనే పని మొదలుపెట్టగలరు.

అదే రోజు మరో పని చేయించుకు రండి. మీరూ నాన్నగారూ వేర్వేరుగా పీడీ నర్సు ఎదుట ఒక్కొక్క ఎక్స్ఛేంజ్ (ద్రవం మార్పిడి) పూర్తిగా చేసి చూపించండి. నేర్చుకుని ఏడు నెలలయింది, గొట్టం కూడా ఒకసారి లాగింది, కాబట్టి మళ్లీ శిక్షణ అడగడానికి ఇదే సరైన సమయం. ఎక్కడ మెట్టు జారిందో మన కంటికి కనిపించదు, పక్కన నిలబడి చూసేవారికి కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫర్ సెట్‌ను మామూలుగా ఆరు నెలలకోసారి మారుస్తారు, మీది మార్చారో లేదో కూడా అప్పుడే చూడమనండి. ఆస్పత్రి ఫోన్ నంబరు, రాత్రి వేళ పలికే నంబరు, పలాస నంబరు పెద్ద అక్షరాలతో రాసి, నాన్నగారు కూర్చుని సంచి మార్చుకునే చోట కంటికి ఎదురుగా గోడకు అంటించండి.